వరంగల్ నుంచి చెరువుల అడవికి శరత్కాలంలో కారు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు దగ్గరపడితే హనుమకొండ, వరంగల్‌లలో ఉండేవాళ్లకు బంధువుల ఫోన్లు మొదలవుతాయి. పాకాల చెరువు బాగుంటుందా, లక్నవరం చెరువు బాగుంటుందా, రామప్ప గుడికి ఒక పూట చాలుతుందా, ఏటూరునాగారం అడవిలో రాత్రి కారు నడపవచ్చా అని అడుగుతారు. బావకు చెప్పిందే వదినకూ, ఆ తర్వాత వాళ్ల ఆఫీసు వాళ్లకూ మళ్లీ మళ్లీ చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. ఇక్కడి జలాశయాలన్నీ మనుషులు కట్టిన చెరువులు, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నవి. వాటిని చూడటానికి వెళ్లేవారు పంటల లెక్క చూసుకుని వెళ్లాలి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

దసరా మర్నాటి నుంచి కార్తీక పౌర్ణమి వరకు. శ్రావణ భాద్రపదాల్లో వాగులు పొంగి చెరువులు నిండుతాయి. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది కానీ, ఆ రోజుల్లో లోతట్టు వంతెనల మీద నీళ్లు పారుతుంటాయి. చెరువు నీళ్లూ ఎర్రమట్టి రంగులోనే ఉంటాయి. ఆశ్వయుజం వచ్చేసరికి మట్టి అడుగుకు దిగి నీళ్లు తేటపడతాయి, కట్ట మీద గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. సంక్రాంతి దాటాక యాసంగి (రబీ) పంటకు తూములు ఎత్తుతారు, అక్కడి నుంచి నీటిమట్టం తగ్గుతూ పోతుంది. మార్చిలో వచ్చి "ఫొటోలో ఉన్నన్ని నీళ్లు లేవేమిటి?" అని అడిగితే, వరి మళ్లలో ఉన్నాయన్నదే జవాబు.

అక్టోబర్ అంటే వానలు వెళ్లిపోయినట్టేనా?

నైరుతి రుతుపవనాలు వెళ్లిపోతాయి, బంగాళాఖాతం మాత్రం ఊరుకోదు. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను ఒక్క రోజులోనే హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు తెచ్చింది. ఇక్కడ వాన పడితే మామూలుగా పడదు. 2023 జూలై చివరలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇచ్చిందంటే ప్రయాణం వారం వాయిదా వేసుకోండి. గదికి కట్టిన అడ్వాన్సు పోతే పోయింది.

ఇది జాతీయ ఉద్యానవనమేనా?

కాదు. తెలంగాణలో జాతీయ ఉద్యానవనాలు మూడే: కాసు బ్రహ్మానందరెడ్డి, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని. మూడూ హైదరాబాద్‌లోనూ దాని చుట్టుపక్కలా ఉన్నవే. మనం వెళ్లే పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. ఏటూరునాగారాన్ని 1950ల తొలినాళ్లలోనే, హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

ఈ తేడా కాగితాల మీద ఉండేది మాత్రమే కాదు. అభయారణ్యం లోపల ఊళ్లున్నాయి, కోయ గూడేలున్నాయి, పొలాలున్నాయి, మధ్యలో నుంచి 163వ నంబరు జాతీయ రహదారి పోతుంది. టికెట్టు కొని గేటు దాటగానే అడవి మొదలవుతుందనుకుంటే నిరాశపడతారు. ఒక మలుపులో పత్తి చేను, తర్వాతి మలుపులో టేకు చెట్లు, ఆ తర్వాత బడి పిల్లలు కనిపిస్తారు.

విదేశాల్లో లాగా ఆకులు ఎర్రగా, పసుపుగా మారతాయా?

మారవు. మన టేకు, మద్ది ఆకు రాల్చేది శిశిరంలో. మోదుగ పూసేదీ ఆకు రాలాకే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. శరత్కాలంలో అడవి ముదురాకుపచ్చగా, దట్టంగా ఉంటుంది. రంగులు చూడాలంటే రోడ్డు పక్కకు చూడండి. తంగేడు పసుపు, గునుగు తెలుపు, గట్ల మీద బంతి. బతుకమ్మ రోజుల్లో ములుగు వైపు పల్లెల్లో గునుగు కోసుకొచ్చే ఆడవాళ్లు తెల్లవారకముందే కనిపిస్తారు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రానికి ఏదో ఒక ఊరి చెరువు కట్టకు చేరుకోగలిగితే ఆ రోజుకు ఇంకే పర్యాటక స్థలమూ అక్కర్లేదు. అక్కడ మీరు అతిథులు, దారికి అడ్డంగా కారు పెట్టకండి.

ఏ దారిన వెళ్లాలి?

చాలామంది హనుమకొండ నుంచి నేరుగా ములుగు రోడ్డెక్కి, ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా ములుగు చేరతారు. ఇది సుమారు 50 కిలోమీటర్లు. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప. తిరక్కుండా ముందుకు పోతే గోవిందరావుపేట, చల్వాయి. అటు నుంచి బుస్సాపూర్ మీదుగా లక్నవరం. ఇంకా ముందుకు పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, గోదావరి.

నన్నడిగితే మొదటి రోజు ఈ దారిన వెళ్లవద్దు. పొద్దున్నే వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా పాకాల చేరండి. సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ రెండు మూడు గంటలు గడిపి, వెనక్కి నర్సంపేట వచ్చి, మల్లంపల్లి రోడ్డు పట్టుకుంటే ములుగు దారిలో కలుస్తారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక రామప్ప, రాత్రికి లక్నవరం. రెండో రోజు తాడ్వాయి అడవి, గోదావరి, తిరుగు ప్రయాణం. ఇలా వెళ్తే వచ్చిన దారినే రెండుసార్లు చూడాల్సిన అవసరం కొంతవరకు తప్పుతుంది.

ములుగు ఊరి ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతాయి. సమ్మక్క సారలమ్మల మేడారం పోయేవారు మొదటి మొక్కు అక్కడే చెల్లించడం ఆనవాయితీ. మొక్కు లేకపోయినా కాళ్లు చాపుకోవడానికి మంచి చోటు.

ఒక్క రోజులో అన్నీ చూడలేమా?

చూడవచ్చు, కారు కిటికీలోంచి. పాకాల, రామప్ప, లక్నవరం, బొగత జలపాతం నాలుగూ ఒక్క రోజులో పెట్టుకున్నవారు చివరికి ఫోన్‌లో ఫొటోలు చూసుకుని తామెక్కడెక్కడికి వెళ్లారో గుర్తుచేసుకుంటారు. ఒక్క రోజే ఉంటే రామప్ప, లక్నవరం చాలు.

పాకాలనా, లక్నవరమా? ఒక్కటే చెప్పండి.

పిల్లలు వెంట ఉంటే లక్నవరం. పడవలు, వేలాడే వంతెన, దీవిలో కూర్చుని తినడానికి చోటు, అన్నీ ఉన్నాయి. కొండల మధ్య సన్నని లోయలకు చిన్న చిన్న కట్టలు అడ్డంవేసి కట్టిన చెరువు అది. కొండలే దానికి గోడలు. నీళ్లు నిండాక గుట్టల కొప్పులన్నీ దీవులయ్యాయి. పదమూడు దీవులని చెబుతారు. ఆదివారాల్లో వంతెన మీద నిలబడటానికి చోటుండదు. సెల్ఫీ కోసం వంతెనను ఊపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వారం మధ్యలో, ఉదయం తొమ్మిదిలోపు వెళ్తే అదే చోటు వేరేగా ఉంటుంది.

మీరిద్దరే అయితే పాకాల. గణపతిదేవుడి కాలంలో, ఆయన మంత్రి కొడుకు జగదల ముమ్మడి కట్టించినట్టు శాసనం ఉంది. నీరు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. కట్ట మీద నడుస్తుంటే ఒక పక్క నీళ్లు, అవతలి ఒడ్డున అడవి, వెనక కొండలు. రెండో పక్క, చాలా కిందుగా, ఆయకట్టు పొలాలు. అక్కడ కాసేపు నిలబడితే ఈ కట్ట ఏం చేస్తోందో కంటికే తెలుస్తుంది. ఎడమ కంటికి చెరువు, కుడి కంటికి పండిన వరి. తూము దగ్గరికి వెళ్లి, నీళ్లు బయటకు వచ్చే కాలువ ఎంత చిన్నదో చూడండి. అంత సన్నని ధార వెంట పచ్చదనం ఎంత దూరం పోయిందో కూడా చూడండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఈ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తోంది. పాకాలలో వినోదం తక్కువ, దుకాణాలు తక్కువ. నా దృష్టిలో అది దాని గొప్పతనం.

రామప్పలో ఎంతసేపు గడపాలి? గైడ్ అవసరమా?

కనీసం రెండు గంటలు. గైడ్‌ను పెట్టుకోండి, పెట్టుకోకపోతే సగం చూడకుండానే వచ్చేస్తారు.

పాలంపేటలో ఈ రుద్రేశ్వరాలయాన్ని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిల్పి పేరుతో పిలిచే గుడి అని చెప్పుకోవడం అందరూ విన్నదే. గుడి పునాది కింద ఇసుక నింపారు. పైన శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. భూమి కదిలినా బరువు మీదపడకుండా చేసిన ఏర్పాటు ఇది. 2024 డిసెంబర్ 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఇక్కడివాళ్లందరికీ మొదట గుర్తొచ్చింది ఈ గుడే.

గోడలు లేత ఎరుపు ఇసుకరాయి, స్తంభాలూ మదనికలూ (చూరు కింది స్త్రీ శిల్పాలు) నల్లరాయి. చూరు కింద వాలుగా నిలబడిన మదనికల దగ్గరికి సాయంత్రం నాలుగింటి ఎండలో వెళ్లండి. పక్కనుంచి పడే వెలుతురులో నల్లరాయి నునుపు తేలుతుంది. ఒక మదనిక ఎత్తు మడమల పాదరక్షలు వేసుకుని ఉంటుంది. గైడ్లందరూ తప్పకుండా చూపించేది అదే, అందరూ నవ్వేదీ అక్కడే. నవ్వాక ఆమె పాదం నుంచి మెల్లగా పైకి చూడండి. మోకాలి వంపు, నడుం మలుపు, మెడలో హారం ఒంటి వాలును అనుసరించి పక్కకు జారిన తీరు. రాతికి బరువుందని శిల్పి మరిచిపోలేదు, ఆ హారానికి కూడా బరువిచ్చాడు.

కార్తీక సోమవారాల్లో, పౌర్ణమి నాడు దీపాలు పెట్టేవారితో రద్దీగా ఉంటుంది. శిల్పం చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేయండి. దీపాలు చూడాలనుకుంటే ఆ రోజులే రండి.

గుడి చూసి వెనక్కి తిరగకుండా కిలోమీటరు దూరంలోని రామప్ప చెరువుకు వెళ్లండి. గుడి కట్టించినవాడే చెరువూ కట్టించాడు. సమయం మిగిలితే గణపురం కోటగుళ్లు దగ్గర్లోనే ఉన్నాయి, భూపాలపల్లి జిల్లాలోకి వస్తాయి. అక్కడ శిథిలాలే ఎక్కువ, జనం తక్కువ.

రోడ్లు ఎలా ఉంటాయి? రాత్రి నడపవచ్చా?

రహదారి బాగుంటుంది. చీకటి పడ్డాక మాత్రం నడపవద్దు. పస్రా దాటాక అడవి జంతువులు రోడ్డు దాటుతాయి, ఇది మొదటి కారణం. రెండో కారణం చాలామంది బయటివారికి తెలియదు: వడ్లు.

నవంబర్‌లో వరికోతలు మొదలవగానే రోడ్డులో సగం కల్లం అవుతుంది. కోత యంత్రం నుంచి వచ్చిన వడ్లలో తేమ ఎక్కువ. 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పొలంలో ఆరబోయడానికి జాగా ఉండదు, తారు రోడ్డు వేడిగా, చదునుగా ఉంటుంది. అందుకని పొద్దంతా అక్కడే పరిచి, కాళ్లతో దున్నినట్టు తిరగేస్తూ, సాయంత్రానికి కుప్పచేసి టార్పాలిన్ కప్పుతారు. అంచున వరుసగా రాళ్లు పెడతారు. తారు నలుపు, టార్పాలిన్ నలుపు. హెడ్‌లైటు వెలుగులో ముందుగా కనిపించేది రాయే, అది కనిపించేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటారు. ద్విచక్రవాహనాల మీద వచ్చేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పగలు ఆ వడ్ల మీదుగా కారు పోనివ్వకండి, ఎదురుగా బండి వస్తుంటే ఆగండి. రైతు మీద హారన్ కొట్టి ప్రయోజనం లేదు, ఆరు నెలల కష్టం అక్కడ ఎండుతోంది.

పెట్రోలు ములుగులోనే నింపుకోండి. తాడ్వాయి దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, దారి పటం ముందే దింపుకోండి.

కారు లేకపోతే?

హనుమకొండ బస్టాండు నుంచి ములుగు, ఏటూరునాగారం, మంగపేట వైపు ఆర్టీసీ బస్సులుంటాయి. రామప్పకు, లక్నవరానికి ప్రధాన రహదారి మీద దిగి ఆటో మాట్లాడుకోవాలి. పాకాలకు నర్సంపేట నుంచి ఆటో. రైల్లో వచ్చేవారు కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగి రోజు లెక్కన కారు మాట్లాడుకుంటే సుఖం.

జంతువులు కనిపిస్తాయా? పులి ఉందా?

శరత్కాలంలో అడవి దట్టంగా ఉంటుంది, ఎక్కడ చూసినా నీళ్లే. జంతువులు ఒక్క గుంట దగ్గరికే రావాల్సిన అవసరం లేదు కాబట్టి కనిపించే అవకాశం తక్కువ. దుప్పులు, కణుజులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, అడవిపందులు ఈ అడవుల్లో ఉన్నాయి. పులి అప్పుడప్పుడు గోదావరి అవతల నుంచి వచ్చి పోతుంటుంది, అడుగుజాడలు దొరికితే అటవీశాఖ చుట్టుపక్కల ఊళ్లను అప్రమత్తం చేస్తుంది. అలాంటి రోజుల్లో అడవిలోకి పోయే దారులు మూసేస్తారు, అధికారులతో వాదించకండి.

పక్షుల సంగతి వేరు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా పొలాల వెంట పడుతుంది కదా, మల్లంపల్లి నుంచి నర్సంపేట దాకా కరెంటు తీగల మీద అది మామూలుగానే కూర్చుని ఉంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా కనిపించి, ఎగిరినప్పుడు రెక్కల్లోని నీలం బయటపడుతుంది. చెరువుల్లో నీటికాకులు, కొంగలు ఎప్పుడూ ఉంటాయి. వలస బాతులు చలి ముదిరాక వస్తాయి.

తాడ్వాయి అడవి గాలివానకు కూలిపోయిందట, నిజమేనా?

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లు నేలకొరిగాయి. అడవి మొత్తం పోలేదు. ఆ వైపు కొన్నిచోట్ల ఆకాశం ఎక్కువగా కనిపిస్తే కారణం అదే.

మేడారం ఇప్పుడు వెళ్లవచ్చా?

తప్పకుండా. తాడ్వాయి నుంచి 14 కిలోమీటర్లు. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. 2026 జనవరి చివర జరిగింది కాబట్టి తర్వాతిది 2028లో. జాతర రోజుల్లో కిక్కిరిసే ఆ ఊరు మిగతా కాలంలో ప్రశాంతంగా ఉంటుంది. గద్దెల దగ్గర నిలబడి మొక్కుకోవచ్చు, నిలువెత్తు బంగారం (ఇక్కడ బెల్లాన్నే అలా అంటారు) ఇస్తానని మొక్కుకున్నవారు తమ బరువుకు సరిపడా బెల్లం సమర్పిస్తారు. జంపన్నవాగులో శరత్కాలంలో నీళ్లుంటాయి. లోతు తెలిసిన స్థానికులను అడిగి దిగండి. గూడేల్లో మనుషులను అడగకుండా ఫొటోలు తీయవద్దు.

బొగత జలపాతానికి వెళ్లడం దండగా?

అక్టోబర్‌లో దండగ కాదు, జనవరిలో అయితే ఆలోచించాలి. వాజేడు మండలంలో ఉంది, వరంగల్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట వంతెన మీద గోదావరిని దాటాలి. నిజం చెప్పాలంటే, నాకు జలపాతం కంటే ఆ వంతెన మీద నుంచి కనిపించే నదే ఇష్టం. వంతెన మీద కారు ఆపకండి, దాటాక ఒడ్డున ఆపుకుని చూడండి.

చెరువుల్లో, మత్తడి కింద స్నానం చేయవచ్చా?

వద్దు. మత్తడి రాళ్ల మీద పాచి ఉంటుంది, కింద గుంత ఎంత లోతో పైకి కనిపించదు. పాకాలలో మొసళ్లున్నాయి. బొగతలో కంచె వేసిన చోటు దాటి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పడవెక్కితే లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోండి, ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కాదు.

రాత్రి ఎక్కడ ఉండాలి?

లక్నవరంలో పర్యాటక శాఖ బస ఉంది, దీవుల్లోనూ గదులున్నాయి. తాడ్వాయిలో అడవి మధ్య కుటీరాలున్నాయి. దసరా, దీపావళి సెలవుల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకవు. దొరక్కపోతే ములుగులో లాడ్జీ, లేదా రాత్రికి హనుమకొండ తిరిగి వచ్చేయడం.

తిండి సంగతి?

మొదటి రోజుకు ఇంటి నుంచి సర్వపిండి, పులిహోర కట్టుకోండి. పాకాలలో ఏమైనా దొరుకుతుందన్న ఆశతో వెళ్లవద్దు. లక్నవరం దగ్గర చెరువు చేపల వేపుడు దొరుకుతుంది, కళ్లముందు వేయించి ఇస్తేనే తీసుకోండి. ఈ కాలంలో దారి పొడవునా సీతాఫలాల గంపలు కనిపిస్తాయి. ఆ రోజే తినాలంటే కన్నులు విచ్చుకున్నవి, ఇంటికి పట్టుకెళ్లాలంటే గట్టివి అడగండి. కోతులున్న చోట గంప కారు పైన పెట్టకండి.

పెద్దవాళ్లను తీసుకురావచ్చా?

రామప్ప వరకు ఇబ్బంది లేదు, చెప్పులు వదిలి నడవాలి కాబట్టి మధ్యాహ్నం రాళ్లు కాలేవేళ వద్దు. లక్నవరం వంతెన ఊగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవారు ఒడ్డునే కూర్చుంటారు. బొగతకు మెట్లు దిగి నడవాలి.

డ్రోన్ ఎగరేయవచ్చా?

అభయారణ్యంలోనూ, పురావస్తు శాఖ కాపాడుతున్న గుడి మీదా అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

తిరుగు ప్రయాణం ఎప్పుడు మొదలుపెట్టాలి?

నవంబర్‌లో సాయంత్రం ఐదున్నర దాటితే చీకటే. ఏటూరునాగారం నుంచి మూడింటికల్లా కదిలితే వెలుతురుండగానే తాడ్వాయి అడవి, పస్రా దాటి ములుగు చేరతారు. బొగతలో ఉన్నవారు రెండింటికే లేవాలి. గణపురం కోటగుళ్లను తిరుగు ప్రయాణంలో చూద్దామనుకునేవారు ఆ ఆలోచన మానుకుని, మొదటి రోజు రామప్పతోనే కలుపుకోండి.